బొమ్మల విశాఖ: ఒక టిల్ట్-షిఫ్ట్ ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్, మూడో వారం

వైజాగ్‌ని బల్ల మీద పేర్చిన బొమ్మల ఊరిలా చూపించే ఫొటోల వరస ఒకటి తియ్యాలి. ఇదీ ప్రాజెక్టు. టిల్ట్-షిఫ్ట్ అంటే లెన్స్‌ని వంచి (టిల్ట్), పక్కకి జరిపి (షిఫ్ట్) తీసే పద్ధతి. నాకు కావలసింది ఆ వంపే. చేపల బోట్లు, బీచ్ రోడ్డు, కురుసుర సబ్‌మెరైన్, కైలాసగిరి కింది మలుపు, మా వీధిలోకొచ్చే కూరగాయల బండి. చూసినవాళ్లు ముందు "ఇది మోడలా?" అని ఆగాలి. ఆ తర్వాత "అరే, ఇది మన జాలరిపేట కదూ" అనాలి. ఆ రెండోదే నాకు ముఖ్యం. కొండలూ సముద్రమూ పక్కపక్కనే ఉండి, ఎక్కి చూస్తే కింద ఊరంతా కనిపించే చోట పుట్టాం. ఈ పని మన ఊరికి ఎప్పుడో జరగాల్సింది.

కెమెరా ముట్టుకునే ముందు కన్ను ఎందుకు మోసపోతుందో తేల్చుకున్నాను. చిన్న వస్తువుని దగ్గర్నుంచి తీస్తే దాని ముందూ వెనకా మసకబారిపోతుంది. పెద్ద దృశ్యాన్ని దూరం నుంచి తీస్తే అంతా స్పష్టంగా వస్తుంది. ఇన్నేళ్లుగా చూసిన ఫొటోల వల్ల, మసక ఎక్కువగా ఉంటే వస్తువు చిన్నదనీ దగ్గరగా ఉందనీ లెక్కేసుకోవడం మెదడుకి అలవాటైపోయింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ పరిశోధకులు 2010లో దీన్ని పరీక్షించి చూశారు. మసక పెరిగే దిశ, దూరం పెరిగే దిశ ఒకటైతే దృశ్యం చిన్నదిగా అనిపిస్తుంది. రెండూ అడ్డదిడ్డంగా ఉంటే ఆ భ్రమ బాగా తగ్గిపోతుంది. ఈ ఒక్క ముక్క గోడ మీద రాసి అంటించుకున్నాను.

మరి 200 మీటర్ల దూరంలో ఉన్న వీధికి అంత మసక సహజంగా ఎందుకు రాదు? చిన్న లెక్క. 2 మీటర్ల దూరంలో ఉన్న మోడల్‌ని 50 మి.మీ. లెన్స్‌తో ఎఫ్/2 దగ్గర తీస్తే, వెలుగు లోపలికొచ్చే కన్నం 50లో సగం, 25 మి.మీ. ఉంటుంది. ఎఫ్ పక్కన అంకె పెరిగే కొద్దీ కన్నం చిన్నదవుతుంది. దూరం వంద రెట్లు పెరిగితే అదే మసక కోసం కన్నం కూడా వంద రెట్లు పెరగాలి. అంటే రెండున్నర మీటర్ల వెడల్పు లెన్స్. అది ఎక్కడా దొరకదు కాబట్టి లెన్స్‌ని వంచడం అనే ఉపాయం.

కెమెరాలో బొమ్మ పడే పలకే సెన్సర్. లెన్స్ దానికి సమాంతరంగా ఉంటే, పదునుగా వచ్చే తలం కూడా సమాంతరంగానే ఉంటుంది. లెన్స్‌ని వంచితే ఆ తలం కూడా వాలిపోతుంది. సెన్సర్ తలం, లెన్స్ తలం, పదును తలం మూడూ ఒకే గీత దగ్గర కలుస్తాయి. దీన్ని షైమ్‌ప్‌ఫ్లుగ్ సూత్రం అంటారు. థియోడోర్ షైమ్‌ప్‌ఫ్లుగ్ ఆస్ట్రియా సైన్యంలో అధికారి. ఆకాశం నుంచి తీసిన ఫొటోల్లో వంకర సరిచేసి మ్యాపులకి పనికొచ్చేలా చెయ్యడానికి 1904లో పేటెంటు తీసుకున్నాడు. అంతకంటే ముందే, 1901లో, ఫ్రాన్స్‌కి చెందిన జూల్స్ కార్పెంటియర్ పేటెంటులో ఇదే విషయం ఉంది. పాత స్టూడియోల్లో నల్లగుడ్డ కప్పుకుని తీసే బెలోస్ కెమెరాలకి ఈ వంపు పుట్టుకతోనే ఉండేది. మన చేతిలోని కెమెరాలు చిన్నవయ్యాక అది పోయింది. విడిగా కొనాలంటే క్యానన్ టీఎస్-ఈ 24 మి.మీ. లాంటివి ఉన్నాయి, ఎనిమిదిన్నర డిగ్రీలు వంగుతాయి. ధర నా అందుబాటులో లేదు.

నేల మొత్తం పదునుగా రావాలనుకునే ప్రకృతి ఫొటోగ్రాఫర్లు లెన్స్‌ని కిందికి వంచుతారు. బొమ్మల ఊరికి దాన్ని పైకి వంచాలి. అప్పుడు దృశ్యంలో సన్నని అడ్డపట్టీ ఒక్కటే పదునుగా మిగిలి, పైనా కిందా మసకబారిపోతుంది.

ఏప్రిల్ ఆఖరు

కెమెరా ఇంకా మామూలుదే. ఎక్కడి నుంచి తియ్యాలో తేల్చుకోవడమే ఈ వారం పని.

కైలాసగిరి ఎక్కి ఆర్.కె. బీచ్ వైపు చూస్తే కళ్లకి పండగే గానీ ఈ పనికి ఆ దృశ్యం పనికిరాదు. కొండ ఎత్తు సుమారు 170 మీటర్లు, బీచ్ కిలోమీటర్ల దూరంలో ఉంది. చూపు కిందికి దిగే కోణం రెండు డిగ్రీలు కూడా ఉండదు. బల్ల మీది మోడల్‌ని ఎవరూ అలా చూడరు. నిలబడి 30, 40 డిగ్రీల కిందికి చూస్తారు. అదే కైలాసగిరి అంచు నుంచి కిందున్న బీచ్ రోడ్డుని చూస్తే ఎత్తు తేడా 150 మీటర్లు, అడ్డ దూరం 200 మీటర్లు అనుకున్నా 37 డిగ్రీలొస్తుంది. అసలు రహస్యం ఎత్తులో లేదు, కోణంలో ఉంది. కోణమే చాలనుకుంటే మా ఎం.వి.పి. కాలనీ అపార్ట్‌మెంట్ డాబా కూడా సరిపోతుంది. అయిదో అంతస్తు పైన, వీధికి దాదాపు 15 మీటర్ల ఎత్తు. 20 మీటర్ల అవతల ఆగే బండికి కోణం మళ్లీ అదే 37.

కాబట్టి మొదటి మోడల్ మా వీధి కూరగాయల బండి.

పొద్దున్న ఎనిమిదిన్నరకి మలుపు దగ్గర ఆగుతుంది. పైనుంచి చూస్తే టమాటాల గుట్ట, పక్కన వంకాయలు, తడిగోనె మీద కొత్తిమీర కట్టలు, మూలకి వేలాడే తక్కెడ. గొడుగు వాలుగా కట్టాడు కాబట్టి సగం సరుకు నీడలో, సగం ఎండలో. బండి ముందు ఇద్దరు నిలబడి బేరమాడుతున్నారు. వాళ్ల నీడలు ఒకే వైపుకి పొట్టిగా, గట్టి అంచులతో పడ్డాయి. ఒక్క దీపం కింద పెట్టిన మోడల్‌కి నీడ అచ్చం ఇలాగే ఉంటుంది.

ఆ వేళ ఎందుకు కుదిరిందో చూశాను. సూర్యుడు దాదాపు 45 డిగ్రీల ఎత్తులో ఉన్నాడు. ఈ నెలల్లో వైజాగ్‌లో అది పొద్దున్న ఎనిమిదిన్నర తర్వాత, మళ్లీ మధ్యాహ్నం మూడు దాటాక వస్తుంది. మే రెండో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికొస్తాడు, మనుషులకి నీడే ఉండదు. నీడ లేని మనిషి బొమ్మలా కనిపించడు, నేల మీద మరకలా కనిపిస్తాడు.

ఫొటోని ఇంట్లో గింప్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టి పైనా కిందా మసక వేశాను. డాబా మీద ఒడియాలు పెట్టుకుంటున్న మూడో అంతస్తు పిన్నిగారికి ఫోన్‌లో చూపిస్తే కళ్లజోడు సర్దుకుని చూశారు.

"ఎవరు చేశారు బాబూ ఇది? భలే చేశారు."

"ఎవరూ చెయ్యలేదు పిన్నిగారూ. మన బండే, పొద్దున్న తీశాను."

మళ్లీ చూసి, "అవునే, ఆ పచ్చ నైటీ మన రెండో ఫ్లోరు ఆవిడే కదూ!" అన్నారు. నాకు కావలసింది సరిగ్గా ఇదే.

డ్రోన్ గురించి అందరూ అడుగుతున్నారు కాబట్టి ఇక్కడే రాసేస్తున్నాను. వైజాగ్ విమానాశ్రయం ఉన్నది నౌకాదళ స్థావరం ఐఎన్ఎస్ డేగాలో. పోర్టు, డాక్‌యార్డ్, తూర్పు నౌకాదళ కమాండ్ అన్నీ ఊళ్లోనే. అనుమతుల్లేకుండా ఇక్కడ డ్రోన్ ఎగరేసే ఆలోచన నాకు లేదు. కొండలూ డాబాలూ చాలు. డాబా అయితే ఇంటివాళ్లని అడిగి ఎక్కుతాను. నేవీ వైపు కెమెరా తిప్పను.

మే

రబ్బరు లెన్స్. కొనలేని టిల్ట్ లెన్స్‌కి బదులు, వంగే రబ్బరుతో నేనే చేసుకునేది.

నా కెమెరా ఏపీఎస్-సీ సెన్సర్ (ఫిల్మ్ ఫ్రేముకంటే చిన్నది) ఉన్న సోనీ మిర్రర్‌లెస్. మా బావ దగ్గర వాళ్ల నాన్నగారి ఫిల్మ్ కెమెరా నికాన్ 50 మి.మీ. లెన్స్ ఉంది, ఎపర్చర్ (వెలుగు కన్నం) మార్చే రింగు లెన్స్ మీదే ఉండే పాతరకం. ఈ జోడీయే ఎందుకంటే, నికాన్ లెన్స్ తన మౌంట్ (కెమెరాకి బిగుసుకునే చోటు) నుంచి ఫిల్మ్‌కి 46.5 మి.మీ. దూరం కోరుతుంది. సోనీ కెమెరాలో ఆ దూరం 18 మి.మీ. మాత్రమే. మధ్యలో 28.5 మి.మీ. ఖాళీ మిగులుతుంది. వంచడానికి కావలసిన చోటు అదే.

రెండో కారణం వెలుగు వృత్తం. ఫుల్ ఫ్రేమ్, అంటే 35 మి.మీ. ఫిల్మ్ సైజుకి చేసిన లెన్స్ గీసే వృత్తానికి వ్యాసార్ధం కనీసం 21.6 మి.మీ. ఉంటుంది. లెన్స్‌ని 8 డిగ్రీలు వంచితే ఆ వృత్తం సెన్సర్ మీద 7 మి.మీ. పక్కకి జరుగుతుంది. అప్పుడు చిన్న సెన్సర్ దూరపు మూల వృత్తం నడిమధ్య నుంచి 19 మి.మీ. దగ్గర ఉంటుంది, ఇంకా లోపలే. 12 డిగ్రీల దగ్గర అంచు తగులుతుంది, ఆపైన మూలలు నల్లబడతాయి. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ అయితే మామూలు లెన్స్‌ని వంచగానే ఒక మూల నల్లబడేది. చిన్న సెన్సర్ ఉన్నవాళ్లకి ఇది కలిసొచ్చే విషయం.

రబ్బరు కోసం ఆటో స్పేర్స్ కొట్టుకి వెళ్లాను. బుల్లెట్ ముందు ఫోర్కుకి తొడిగే మడతల రబ్బరు అడిగితే కొట్టాయన "ఏ మోడలు బండి?" అన్నాడు. "బండికి కాదన్నా, కెమెరాకి" అంటే, బ్యాగులోంచి కెమెరా తియ్యమని, తనే నాలుగు రకాలు తెచ్చి మూతకి పెట్టి చూసి, మెత్తగా వంగేది ఎంచి ఇచ్చాడు. హోస్ క్లిప్పులు రెండూ ఆయన సలహాయే. జిగురు రబ్బరుని ఎక్కువ రోజులు పట్టదన్నాడు.

చేసిన విధానం ఇది. కెమెరా బాడీ క్యాప్‌కి (లెన్స్ లేనప్పుడు కెమెరాకి పెట్టే మూత) మధ్యలో పెద్ద కన్నం తొలిచాను. నికాన్ లెన్స్ వెనక మూత అడుగు కోసేశాను, అది లెన్స్‌కి మామూలుగానే తిప్పి బిగుసుకుంటుంది. ఈ రెండిటి మధ్య మూడు మడతల రబ్బరు ముక్క, రెండు చివర్లా హోస్ క్లిప్పులు. ఎక్కువ మడతలుంటే ఎంత నొక్కినా 28.5 మి.మీ.లో ఇమడదు, దూరపు వస్తువుకి ఫోకస్ రాదు. తక్కువుంటే వంగదు. లోపల అంతా మెరుపులేని నల్లరంగు. రంగు ఆరాక గుడ్డతో బాగా తుడిచి, గాలి కొట్టి, ఆ తర్వాతే కెమెరాకి బిగించాలి. రబ్బరు పొడి సెన్సర్ మీద పడితే ఆకాశంలో చుక్కలొస్తాయి.

వెలుగు కారుతోందో లేదో చూడ్డానికి రాత్రి లైట్లార్పి, లెన్స్‌కి మూత పెట్టి, చుట్టూ టార్చ్ తిప్పుతూ ముప్పై సెకన్ల ఎక్స్‌పోజర్ ఇచ్చాను. క్లిప్ కింద ఒక చోట సన్నని గీత వచ్చింది. నల్ల ఇన్సులేషన్ టేపుతో పోయింది.

లెన్స్ బరువుకి రబ్బరు కిందికి వేలాడుతుంది. దానికి అల్యూమినియం ఎల్ పట్టీ ఒకటి కెమెరా అడుగున ట్రైపాడ్ స్క్రూతో బిగించి, లెన్స్ కింద ఒక పొడవు కన్నం, చెవుల నట్టు పెట్టాను. ఎంత వంచితే అంత దగ్గర బిగించుకోవచ్చు. కోణం కొలవడానికి ఫోన్‌లో లెవెల్ యాప్ చాలు. ఒకసారి కెమెరా వీపుకి ఆనించి, ఒకసారి లెన్స్ ముందు రింగుకి ఆనించి చదవాలి. తేడాయే వంపు.

ఎనిమిది డిగ్రీలు వంచి డాబా మీంచి వీధి చూశాను. స్క్రీన్ మీద పదును పట్టీ వీధికి అడ్డంగా పాకుతూ కనిపించింది. రింగు తిప్పితే పట్టీ ముందుకీ వెనక్కీ నడుస్తుంది. ఒక ఆటో ఆ పట్టీలోకి వచ్చి, క్షణం పాటు కొత్త బొమ్మలా మెరిసి, మళ్లీ మసకలోకి వెళ్లిపోయింది. సాఫ్ట్‌వేర్ మసకలో ఇది లేదు. తీస్తున్నప్పుడే ఊరు చిన్నదైపోతుంది, ఎవరు ఎక్కడ నిలబడితే బాగుంటుందో అక్కడే తెలుస్తుంది.

మే ఆఖరు, ఫిషింగ్ హార్బర్

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం, మొత్తం 61 రోజులు. బోట్లన్నీ హార్బర్లోనే ఉంటాయి, ఒకదాని పక్కన ఒకటి ఒరుసుకుంటూ. మిగతా ఏడాదిలో ఇంత నిండుగా దొరకదు. హార్బర్‌కి దగ్గర్లో ఒక బోటు ఓనరు గారి మేడ ఎక్కనిచ్చారు.

ఎఫ్/2.8 దగ్గర ఒక్క వరస బోట్లే పదునుగా వచ్చాయి. నీలం, ఆకుపచ్చ, ఎరుపు చెక్కలు, కేబిన్ నెత్తిన ఆరేసిన లుంగీ, గట్టు మీద పరిచిన వల, దాన్ని బాగుచేస్తూ కాళ్లు చాపుకుని కూర్చున్న ముగ్గురు. కిందిదీ పైదీ వరసలు రంగు ముద్దలైపోయాయి. ఎఫ్/5.6కి వెళ్తే పట్టీ వెడల్పై బొమ్మతనం పోతోంది. ఈ దృశ్యానికి 2.8, 4 మధ్యే బాగుంది.

ఓనరు గారు నా పక్కకొచ్చి స్క్రీన్‌లోకి వంగి చూశారు.

"మా బోటు ఏదీ? ఇందులో పడ్డాదేటి?"

"పడింది బాబాయ్, ఇదిగో, ఎర్ర కేబిన్."

"ఇదేటి బాబూ, సిన్నపిల్లలు నీళ్లలో వదిల్తారే, అలాగుంది!" అని నవ్వి, కింద వల కుడుతున్నవాళ్లని కేకేసి పిలిచారు. ఫొటో కాపీ ఇస్తానని మాటిచ్చాను.

ఇక్కడే ఈ పద్ధతికున్న హద్దు కూడా తెలిసింది. బోట్ల మధ్య జెండా కర్రలున్నాయి. కర్ర అడుగు పదును పట్టీలో ఉంది, కొన మాత్రం మసకలో కలిసిపోయింది. నిజమైన మోడల్‌ని తీస్తే ఇలా రాదు. కర్ర మొత్తం కెమెరాకి దాదాపు ఒకే దూరంలో ఉంటుంది కాబట్టి అడుగు నుంచి కొన వరకు పదునుగా రావాలి.

కారణం లెక్కలో ఉంది. 50 మి.మీ. లెన్స్ 8 డిగ్రీలు వంగితే పదును తలం లెన్స్‌కి సుమారు 36 సెం.మీ. పైనున్న ఒక ఊహాగీత నుంచి బయల్దేరుతుంది. అక్కడి నుంచి నేను ఫోకస్ పెట్టిన వరస దాకా నా చూపు వెంబడే వెళ్తుంది. అంటే ఫొటోలో అది అంచు మీద నిలబెట్టిన రేకులా ఒక గీతగా కనిపిస్తుంది. ఆ గీతకి పైనున్నదంతా మసకే, ఎంత దూరంలో ఉన్నా సరే. కంప్యూటర్లో పైనా కిందా వేసే మసకా సరిగ్గా ఇదే చేస్తుంది.

కాబట్టి వంచిన లెన్స్ అయినా, రెడీమేడ్ ఫిల్టర్ అయినా, నేల మీద పరుచుకున్నవాటికే నమ్మకంగా పనిచేస్తుంది. బోట్లు, బండ్లు, మనుషులు, ఇసుక. టవర్లు, స్తంభాలు, కొబ్బరిచెట్లు వచ్చాయంటే గుట్టు బయటపడుతుంది. చూసేవాళ్లకి ఏది తప్పో చెప్పడం రాకపోవచ్చు, కానీ "ఎడిట్ చేసినట్టుంది" అంటారు. మసక అనేది ఫొటోలో ఎంత పైన ఉందన్నదాన్ని బట్టి పెరక్కూడదు, నేల మీద దూరాన్ని బట్టి పెరగాలి. ఇక నుంచి ప్రతి ఫ్రేమూ ఈ కొలతతోనే.

జూన్ 15

నిషేధం అర్ధరాత్రితో ముగిసింది. చాలా బోట్లు చీకట్లోనే వెళ్లిపోయాయి, తెల్లారాక మిగతావి కదిలాయి. పసుపు కుంకుమలు, బంతిపూల దండలు, కేబిన్ల మీద కొత్త జెండాలు. ఐసు ముక్కలు బుట్టల్లో ఎక్కించడం మేడ మీంచి స్పష్టంగా కనిపిస్తోంది.

ఈ రోజు టైమ్‌ల్యాప్స్. సెకనుకి ఒక ఫొటో చొప్పున పది నిమిషాలు తీస్తే ఆరు వందల ఫ్రేములు, సెకనుకి 25 చొప్పున ఆడిస్తే 24 సెకన్ల వీడియో. షట్టర్ సెకనులో 250వ వంతు పెట్టాను. మామూలు టైమ్‌ల్యాప్స్‌కి కదలిక కాస్త చెరిగితే అందం. ఇక్కడ మాత్రం ప్రతి ఫ్రేములో మనిషి గడ్డకట్టినట్టుండాలి, అప్పుడే చేత్తో జరిపి జరిపి తీసిన బొమ్మలా గెంతుతాడు. ఎక్స్‌పోజర్ (వెలుగు), వైట్ బ్యాలెన్స్ (రంగుల ఛాయ) రెండూ లాక్ చెయ్యాలి. లేదంటే మబ్బు వచ్చిపోయినప్పుడల్లా వీడియో మిణుకుమంటుంది.

ఇంటికొచ్చి సెకనుకి 12 ఫ్రేములతో కూడా ఆడించి చూశాను. ఇదే ఎక్కువ నచ్చింది. బోటు నీటి మీద జారిపోకుండా చిన్న చిన్న కుదుపులతో వెళ్తుంది. నీరు ఒక్కటే ఇబ్బంది. అలలు మోడల్ కొలతకి దిగవు, దగ్గరి నీటిలో చిన్న తరంగాలు అసలు సైజు చెప్పేస్తాయి. బోటు వెనక తెల్లటి నురుగు ఉన్న ఫ్రేములకంటే గట్టు పక్కన నిలకడ నీళ్లున్న ఫ్రేములే నమ్మేలా ఉన్నాయి.

జులై

వానలు. డాబా లేదు, కొండ లేదు. కంప్యూటర్ దగ్గర కూర్చుని దూరపు మ్యాపు గియ్యడం నేర్చుకున్నాను.

మామూలు పదును ఫొటో మీద ఒక నలుపు-తెలుపు పొర పెడతాను. నల్లగా ఉన్నచోట మసక లేదు, తెల్లబడే కొద్దీ ఎక్కువ. నేల మీద పదునుగా ఉండాల్సిన వరస దగ్గర నలుపు పెట్టి, అక్కడి నుంచి ముందుకీ వెనక్కీ వెళ్లే కొద్దీ మెల్లగా తెల్లబడేలా రంగు పూస్తాను. తర్వాత నిలువుగా నిలబడ్డ ప్రతి వస్తువునీ విడిగా ఎంచి, దాని పాదం ఉన్నచోట నేలకి ఏ రంగుందో అదే రంగుతో నెత్తి వరకు నింపుతాను. స్తంభం, చెట్టు, మేడ, అన్నిటికీ ఇదే. ఓపిక పని. కానీ కొబ్బరిచెట్టు ఒక్కదానికి ఈ పని చెయ్యగానే ఫొటో ఒక్కసారిగా బల్ల మీదికి దిగిపోతుంది.

అంచుల దగ్గర ఇంకో చిక్కు. పదునైన ఎర్ర కేబిన్ వెనక మసక నీళ్లుంటే, మసక వేసినప్పుడు ఎరుపు నీళ్లలోకి కారి కేబిన్ చుట్టూ ఎర్రటి పొగలా వస్తుంది. దీనికి ముందు కేబిన్‌ని కత్తిరించి విడి పొరలో పెట్టి, అది ఉన్నచోట వెనకున్న నీళ్లని క్లోన్ చేసి పూడ్చి, ఆ పూడ్చినదానికి మసక వేసి, చివర్లో కేబిన్‌ని తిరిగి పైన పెట్టాలి.

మసక రకం కూడా ముఖ్యం. సాఫ్ట్‌వేర్లో మామూలుగా దొరికే గాసియన్ బ్లర్ వేస్తే మెరుపులు బూడిదరంగులో కరిగిపోతాయి. లెన్స్ బ్లర్ అయితే నీటి మీది మెరుపు గుండ్రని చుక్కగా నిలుస్తుంది, నిజమైన లెన్స్‌లో లాగే. ఫొటోషాప్‌లో 2012లో వచ్చిన సీఎస్6 నుంచి టిల్ట్-షిఫ్ట్ బ్లర్ ఉంది. ఆ అడ్డపట్టీ మొదలుపెట్టడానికి బాగుంటుంది. నిలువు వస్తువుల పని మాత్రం చేత్తో చేసుకోవలసిందే.

ఆగస్టు, కైలాసగిరి

వాన వెలిసిన మర్నాడు. గాలి కడిగినట్టుంది. వేసవిలో ఇదే చోట సముద్రపు ఆవిరి తెరలా నిలబడి, దూరమంతా నీలంగా పాలిపోయేది. పాలిపోవడమంటే మెదడుకి దూరం అని చెప్పడమే. బల్ల మీది మోడల్‌కి మధ్యలో అంత గాలి ఉండదు. ఎడిటింగ్‌లో డీహేజ్ (ఈ తెరని తగ్గించే సాధనం) కొంత సాయం చేస్తుంది, ఎక్కువ లాగితే రోడ్డు బొగ్గురంగుకి తిరుగుతుంది. దానికంటే వాన కోసం ఆగడమే మేలు.

అంచు నుంచి కింద బీచ్ రోడ్డు, తెన్నేటి పార్కు, ఇసుక, నురుగు. కొండవాలంతా కొత్త పచ్చ. రోడ్డు వంపులో ఆర్టీసీ బస్సు వచ్చే వరకు ఆగాను. పెద్దగా, ఒకే రంగులో ఉండే బండి ఫ్రేముకి కొలబద్దలా పనిచేస్తుంది, ప్రతివాడికీ బస్సు సైజు తెలుసు కాబట్టి. కార్లతో ఇంత బాగా కుదరలేదు.

రోప్‌వే కేబిన్ ఒకటి ఫ్రేములోకి జారింది. ఫొటోలో అది రోడ్డు మీద, సరిగ్గా పదును పట్టీలో కనిపిస్తుంది. కానీ అది నాకు దగ్గరగా గాల్లో వేలాడుతోంది, రోడ్డు చాలా దూరంలో ఉంది. వంచిన లెన్స్ దాన్ని పదునుగానే చూపించింది. దూరపు మ్యాపులో మాత్రం దాన్ని పూర్తిగా తెల్లగా నింపాను, అంటే పూర్తి మసక. వెంటనే కేబిన్ కంటికి దగ్గరికొచ్చి, రోడ్డు లోతుకి దిగింది. ఈ ఫ్రేము చూసిన ప్రతివాళ్లూ ఆ కేబిన్‌ని ముట్టుకోబోయినట్టు వేలు చాపారు. నా వరకు ప్రాజెక్టులో ఇప్పటికి ఇదే మంచి ఫొటో.

రంగుల్లో ఆకుపచ్చని కొంచెం పసుపు వైపు జరిపి, సాచురేషన్ (రంగు గాఢత) పెంచాను. మోడల్ చెట్లు స్పాంజితో చేస్తారు, అన్నీ ఒకే పచ్చలో ఉంటాయి. మనుషుల చర్మం, ఇసుక మాత్రం ముట్టుకోలేదు. అన్నీ పెంచేస్తే పెళ్లి ఆల్బమ్ అయిపోతుంది.

సెప్టెంబరు, కురుసుర

ఐఎన్ఎస్ కురుసుర సోవియట్ తయారీ సబ్‌మెరైన్. 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరి, 2001 ఫిబ్రవరిలో విరమించి, 2002లో బీచ్ ఒడ్డున మ్యూజియమైంది. పొడవు 91 మీటర్లు. మోడల్ షిప్పులు చేసేవాళ్లు ఎక్కువగా వాడే 1:350 కొలతలో అది 26 సెంటీమీటర్లు, చేతిలో పట్టేంత. ఊళ్లో పిల్లలందరూ ఒక్కసారైనా లోపలికి దూరి వచ్చినదాన్ని చేతిలో పట్టేంత చెయ్యాలని ఎప్పటినుంచో ఉంది.

బీచ్ రోడ్డు మీద తెలిసినవాళ్ల అపార్ట్‌మెంట్ డాబా నుంచి తీశాను. అక్కడి నుంచి సబ్‌మెరైన్ ఫ్రేములో ఏటవాలుగా పడుతుంది. అడ్డపట్టీ పెడితే నడుము ఒక్కటే పదునుగా వచ్చి ముక్కూ తోకా పోతాయి. రబ్బరు లెన్స్ గొప్పతనం ఇక్కడ బయటపడింది. దాన్ని ఏ దిక్కుకైనా వంచొచ్చు. పైకి, కొంచెం పక్కకి కలిపి వంచితే పట్టీ కూడా ఏటవాలుగా తిరిగి, సబ్‌మెరైన్ పొడవునా పడుకుంది. ముందు ఇసుక, వెనక సముద్రం మసక. ముక్కు నుంచి తోక వరకు నల్లటి ఒళ్లు పదును.

పైకి లేచిన టవర్ నెత్తి మాత్రం ఊహించినట్టే మసకలోకి పోయింది. అందుకని ట్రైపాడ్ కదపకుండా రెండో ఫొటో తీశాను, లెన్స్ నిటారుగా పెట్టి, ఎఫ్/8 దగ్గర. టవర్ ఒక్కటీ అందులోంచి కత్తిరించి మొదటిదానిలో అతికించాను. లెన్స్ వంగినప్పుడు దృశ్యం కొంచెం జరుగుతుంది, సైజు కూడా వెంట్రుకవాసి మారుతుంది. టవర్ కిటికీలు, రెయిలింగు కలిసేలా సర్దుకుంటే అతుకు కనిపించలేదు.

సాయంత్రం మూడున్నరకి ఎండ ఊరి వైపు నుంచి, నా వీపు వెనక నుంచి పడుతుంది. ఇది బీచ్‌కి అనుకూలం. ఉదయమైతే సూర్యుడు సముద్రం మీద ఎదురుగా ఉంటాడు, సబ్‌మెరైన్ నల్ల నీడలా మిగులుతుంది. మురీ మిక్చర్ బండ్లు కూడా సాయంత్రమే వస్తాయి. ఇసుకలో గుర్రం ఒకటి ఎవరో పిల్లాడిని ఎక్కించుకుని పట్టీ అంచున ఆగింది. సగం పదును, సగం మసక. ఆ ఫ్రేమే ఉంచాను.

అక్టోబరు

ప్రింట్లు. ఫోన్‌లో చూసినప్పుడు నమ్మేసిన ఫొటోల్లో కొన్ని 12×18 అంగుళాల కాగితం మీద నమ్మించలేదు. ఫోన్‌లో మసక చిన్నదైపోయి తక్కువగా కనిపిస్తుంది, కాబట్టి అక్కడ చూసి పెంచుకుంటూ పోతే కాగితం మీద మరీ ఎక్కువవుతుంది. ఇప్పుడు ఎంత పెద్దది అచ్చు వేస్తానో ముందే తేల్చుకుని, స్క్రీన్ మీద అదే సైజులో పెట్టుకుని మసక దిద్దుతున్నాను. మ్యాట్ కాగితం బాగుంది. గ్లాసీ మీద గది లైటు మెరిసి, కన్ను ఫొటో లోపలికి పోకుండా కాగితం దగ్గరే ఆగుతోంది.

ఎర్ర కేబిన్ బోటు ప్రింటు బాబాయ్‌కి ఇచ్చాను. ఇంకోటి అడిగారు, సరంగు ఇంటికట.

మిగిలిన పని: సింహాచలం ఘాట్ రోడ్డు. మలుపుల్లో బస్సులు, కొండ మీద పనసచెట్లు, అన్నీ నిలువు వస్తువులే. మ్యాపు గియ్యడానికి రోజులు పడుతుంది. రాస్ హిల్ పైనుంచి పోర్టు కాలువలోకి వచ్చే సరుకు ఓడ ఒకటి కావాలి. చర్చి ఆవరణలో తీసుకోవడానికి అనుమతి అడగాలి, ఏ దిక్కు తియ్యకూడదో కూడా అక్కడే కనుక్కోవాలి. రబ్బరు ఎండకి ఒక మడత దగ్గర చీలుతోంది, అదే కొట్టుకెళ్లి రెండు కొనాలి. డిసెంబరు గాలికి ట్రైపాడ్ ఊగకుండా ఇసుక సంచి ఒకటి కుట్టించాలి.

పూర్ణా మార్కెట్ మీదికి చూసే డాబా ఒకటి ఎక్కడైనా దొరుకుతుందేమో వెతుకుతున్నాను. కార్తీకమాసంలో పూల గంపలు దిగే వేళకి అక్కడుండాలి.